అమ్మకు వచ్చిన మతిమరుపు మాకూ వస్తుందా?

అల్జీమర్స్ జబ్బు, జన్యువులు, చిట్టెలుకలు నేర్పిన పాఠం



పెద్దవయసు వారిని మా ఓపీకి తీసుకువచ్చే కొడుకులు, కూతుళ్లు వెళ్లిపోయే ముందు తలుపు దగ్గర ఆగి ఒక మాట అడుగుతుంటారు. తల్లినో తండ్రినో బయట బెంచీమీద కూర్చోబెట్టి, మళ్లీ లోపలికి వచ్చి, గొంతు తగ్గించి అడుగుతారు. "డాక్టరుగారూ, మా అమ్మకు వచ్చింది గదా, రేపు మాకు గూడ వస్తదా? ఇది మా రక్తంలోనే ఉన్నదా?"

ఈ ప్రశ్న వెనుక ఇంకో భయం దాగి ఉంటుంది. ఇంట్లో పెళ్లికి ఎదిగిన ఆడపిల్ల ఉంటుంది. "ఆ ఇంట్ల ముసలామెకు పిచ్చి లేచిందట" అని నలుగురిలో మాట పడితే సంబంధం తప్పిపోతుందేమోనని దిగులు. అందుకని చాలా ఇళ్లలో ముందుగా చేసే పని ఏమిటంటే, ఆ పెద్దవారిని నలుగురిలోకి రానివ్వకపోవడం. పెళ్లిళ్లకు తీసుకుపోరు. ఆదివారం ఆరాధనకు తీసుకురావడం మానేస్తారు. ఎవరైనా వస్తే వెనుక గదిలో ఉంచుతారు. జబ్బు ముదరకముందే ఒంటరితనం వచ్చి పడుతుంది.

కాబట్టి ఆ ప్రశ్నకు ముందుగా సూటిగా జవాబు చెప్పుకుందాం. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సగానికి సగం అవకాశంతో సంక్రమించి, సంక్రమించినవారికి దాదాపు తప్పక వచ్చే రకం అల్జీమర్స్ ఉన్నది. కానీ అది అల్జీమర్స్ రోగుల్లో నూటికి ఒక్కరికన్నా తక్కువమందిలోనే కనిపిస్తుంది. మిగిలిన వారందరిలో జన్యువు ప్రమాదాన్ని కొంత పెంచుతుందేగాని, తీర్పు చెప్పదు. ఈ మాట ఎలా చెప్పగలుగుతున్నామో, అందులో చిట్టెలుకల పాత్ర ఏమిటో, మన చేతిలో ఉన్నదేమిటో ఈ వ్యాసంలో చూద్దాం.

ఇది పిచ్చి కాదు

1906లో జర్మనీలో అలోయిస్ అల్జీమర్ అనే వైద్యుడు, తాను చూసిన ఒక స్త్రీ చనిపోయిన తర్వాత ఆమె మెదడును సూక్ష్మదర్శిని కింద పరీక్షించారు. ఆమెకు 51 ఏళ్ల వయసులోనే తీవ్రమైన మతిమరుపు వచ్చింది. నాడీకణాల మధ్య గట్టిపడిన మచ్చలు, కణాల లోపల చిక్కుపడిన దారాల ముడులు ఆయనకు కనిపించాయి. ఆ మచ్చలు అమైలాయిడ్ అనే ప్రొటీను పేరుకొని ఏర్పడినవని, ఆ ముడులు టౌ అనే మరో ప్రొటీనువని తర్వాతి కాలంలో తెలిసింది. అంటే ఇది మెదడులో కంటికి కనిపించే జబ్బు. గుండెకు, మూత్రపిండాలకు జబ్బు వచ్చినట్టే మెదడుకు వచ్చే జబ్బు. దయ్యమూ కాదు, చేతబడీ కాదు, ఎవరి పాపఫలమూ కాదు.

మతిమరుపు ముదిరి రోజువారీ పనులు కూడా చేసుకోలేని స్థితిని డిమెన్షియా అంటారు. దానికి కారణాలు అనేకం. వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. 2023లో ప్రచురించిన ఒక దేశవ్యాప్త పరిశీలన ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. కాబట్టి మీ ఇంట్లో ఒకరికి వచ్చిందంటే మీది ఒక్కటే అలాంటి ఇల్లని అనుకోకండి.

వయసుతో వచ్చే మామూలు మరపు వేరు, ఈ జబ్బు వేరు. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచిపోయి వెతుక్కోవడం మామూలే. తాళంచెవి చేతిలో పట్టుకొని అది దేనికో తెలియకపోవడం జబ్బు లక్షణం. తెలిసినవారి పేరు కాసేపు గుర్తుకు రాకపోవడం మామూలే. ముప్పై ఏళ్లు నడిచిన దారిలో ఇల్లు తప్పిపోవడం, తిన్న అరగంటకే "నాకు అన్నం పెట్టలేదు" అనడం, డబ్బు లెక్క తెలియకపోవడం, స్వభావమే మారిపోవడం జరిగితే వైద్యునికి చూపించాలి.

జబ్బు మొదలయ్యే చోటు: ఒక జంక్షన్

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. ఇవి ఒకదానికొకటి అతుక్కొని ఉండవు. ఒక కణం కొసకు, ఇంకో కణానికి మధ్య అతి సన్నని ఖాళీ ఉంటుంది. ఈ కలిసే చోటును సినాప్స్ అంటారు. తెలుగులో నాడీ సంధి అనవచ్చు. ఒక్కొక్క కణానికి ఇలాంటి సంధులు వేలల్లో ఉంటాయి.

మన కాజీపేట జంక్షన్‌ను తలచుకోండి. బల్లార్షా వైపు నుంచి వచ్చిన ప్రయాణికుడు ఒక ప్లాట్‌ఫారం మీద దిగి, వంతెన ఎక్కి దాటి, ఇంకో ప్లాట్‌ఫారం మీద విజయవాడ వైపు రైలు ఎక్కుతాడు. నాడీ సంధిలో జరిగేది కూడా అటువంటిదే. ఒక కణంలో విద్యుత్తు రూపంలో వచ్చిన కబురు కొసకు చేరగానే రసాయనంగా మారి ఖాళీని దాటుతుంది. అవతలి కణం దాన్ని అందుకొని మళ్లీ విద్యుత్తుగా మార్చి ముందుకు పంపుతుంది. మనవరాలి పేరు గుర్తుకు రావాలన్నా, కూరలో ఉప్పు వేశామో లేదో గుర్తుండాలన్నా ఈ వంతెనలు దాటవలసిందే. కొత్త సంగతి నేర్చుకున్నప్పుడు కొన్ని సంధులు బలపడతాయి. జ్ఞాపకం అంటే చాలావరకు అదే.

ఇప్పుడు పట్టాలు బాగున్నాయి, రైళ్లూ ఉన్నాయి, కాని వంతెన విరిగింది అనుకోండి. ప్రయాణికుడు ఇవతలే నిలబడిపోతాడు. అల్జీమర్స్ తొలిదశలో జరిగేది ఇదే. 1991లో అమెరికాలో రాబర్ట్ టెర్రీ, ఆయన తోటి వైద్యులు చనిపోయిన రోగుల మెదళ్లను పరీక్షించి, బతికున్నప్పుడు వారికి ఎంత మతిమరుపు ఉండేదో దానితో పోల్చి చూశారు. మచ్చల సంఖ్యకన్నా, ఎన్ని నాడీ సంధులు పోయాయన్న లెక్కే మతిమరుపు తీవ్రతతో బాగా సరిపోయింది. కణం చనిపోవడానికి ముందే సంధి దెబ్బతింటుంది. చనిపోయిన నాడీకణాన్ని తిరిగి తేలేము. కాని దెబ్బతింటున్న సంధిని కాపాడుకునే అవకాశం ఉంటుంది. ఆశ అంతా ఇక్కడే ఉన్నది.

జన్యువులు రెండు రకాలు

జన్యువు అంటే శరీరంలో ఏ ప్రొటీను ఎలా తయారు కావాలో చెప్పే రాత. ప్రతి జన్యువుకూ సాధారణంగా మనలో రెండు ప్రతులు ఉంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. అల్జీమర్స్‌కు సంబంధించిన జన్యువులను రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు.

మొదటి రకం, జబ్బును తెచ్చిపెట్టే జన్యువులు. 21వ క్రోమోజోము మీద ఉన్న ఏపీపీ అనే జన్యువు అమైలాయిడ్‌కు మూలపదార్థాన్ని తయారు చేస్తుంది. దానిలో మార్పు ఉన్న కుటుంబాన్ని 1991లో లండన్ పరిశోధకులు గుర్తించారు. 1995లో ప్రెసెనిలిన్ 1, ప్రెసెనిలిన్ 2 అనే మరో రెండు జన్యువులు బయటపడ్డాయి. ఈ మూడింటిలో ఏదో ఒకదానిలో హానికరమైన మార్పు ఉన్న కుటుంబాలలో జబ్బు ముప్పై, నలభై, యాభై ఏళ్లకే మొదలై తరతరాలుగా కనిపిస్తుంది. నూటికి ఒక్కరికన్నా తక్కువ అని పైన చెప్పింది వీరి సంగతే. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవారిలో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటాయి. అందుచేత వారిలో అమైలాయిడ్ ఎక్కువగా తయారై నడివయసులోనే ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. అటువంటి బిడ్డలున్న తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకొని ఉండడం మంచిది.

రెండవ రకం, ప్రమాదాన్ని పెంచే జన్యువులు. వీటిలో ముఖ్యమైనది ఏపీఓఈ. దీని సంబంధాన్ని 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కనుగొన్నారు. ఇది శరీరంలో కొవ్వును మోసే ఒక ప్రొటీనును తయారు చేస్తుంది. ఇందులో 2, 3, 4 అని మూడు రకాలు. ఎక్కువమందికి ఉండేది 3వ రకం. 4వ రకం ఒక ప్రతి ఉంటే ప్రమాదం దాదాపు మూడు రెట్లు, రెండు ప్రతులూ ఉంటే ఎనిమిది నుంచి పన్నెండు రెట్లు పెరుగుతుందని పాశ్చాత్య దేశాల లెక్కలు చెబుతాయి. అయినా 4వ రకం ఉండి కూడా తొంభై ఏళ్లు చక్కటి జ్ఞాపకంతో బతికినవారు ఉన్నారు. అది లేకుండా జబ్బు వచ్చినవారూ ఎందరో ఉన్నారు. మరొక మాట. హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాలలో జరిగిన పరిశీలనలో ఈ 4వ రకం అమెరికావారికన్నా మనవారిలో తక్కువగా కనిపించింది. పరాయి దేశపు లెక్కలను మన కుటుంబాలకు ఉన్నవున్నట్టు అంటగట్టకూడదు. అందుకే మన జనాభా జన్యువులను మనమే చదవడానికి 2020లో జీనోమ్ ఇండియా పథకం మొదలైంది. బెంగుళూరులోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ నడిపించిన ఈ పనిలో హైదరాబాదు సీసీఎంబీ కూడా పాలుపంచుకుంది. దాదాపు 10,000 మంది వివరాలను 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు.

చిట్టెలుకలు ఎందుకు?

బతికున్న మనిషి మెదడును కోసి చూడలేము. మనిషిలో ఈ జబ్బు పదిహేను, ఇరవై ఏళ్లు లోలోపల పెరిగి తర్వాతే బయటపడుతుంది. చిట్టెలుక ఆయుష్షు సుమారు రెండేళ్లు. మనిషిలో ఇరవై ఏళ్లు పట్టే కథను దానిలో కొన్ని నెలల్లో చూడవచ్చు. అయితే చిట్టెలుకలకు సహజంగా అల్జీమర్స్ రాదు. వాటి అమైలాయిడ్ మన అమైలాయిడ్‌కన్నా కొంచెం తేడాగా ఉండి, అలా గట్టిపడి పేరుకోదు.

అందుకని శాస్త్రవేత్తలు, జబ్బు ఉన్న కుటుంబాలలో దొరికిన మనిషి జన్యువునే చిట్టెలుక పిండంలో చేర్చారు. 1995లో అలాంటి మొదటి చిట్టెలుకల సంగతి వెలువడింది. 1996లో అమెరికాలోని మిన్నెసోటాలో కారెన్ సియావో బృందం ఒక స్వీడన్ కుటుంబంలో కనిపించిన జన్యుమార్పుతో మరో రకాన్ని తయారు చేసింది. పెద్దవవుతున్న కొద్దీ వాటి మెదడులో మచ్చలు వచ్చాయి, జ్ఞాపకశక్తి తగ్గింది.

చిట్టెలుక జ్ఞాపకాన్ని ఎలా కొలుస్తారని మీరు అడగవచ్చు. ఒక గుండ్రని తొట్టిలో నీళ్లు పోసి, పైకి కనిపించకుండా లోపల ఒక చిన్న తిన్నె పెడతారు. చిట్టెలుకను నీళ్లలో వదిలితే ఈదుకుంటూ వెతికి తిన్నె ఎక్కి నిలబడుతుంది. నాలుగైదు రోజులు నేర్పితే గోడమీది గుర్తులను బట్టి నేరుగా అక్కడికే పోతుంది. జబ్బు ఉన్నది మాత్రం తొట్టి అంతా తిరుగుతూనే ఉంటుంది. ఇంటిదారి తప్పిన మన పెద్దవారి అవస్థే అది.

ఈ చిట్టెలుకల వల్ల తెలిసిన పెద్ద సంగతి ఏమిటంటే, మచ్చలు కనిపించక ముందే నాడీ సంధులు తగ్గిపోతున్నాయి. 2016లో అమెరికాలో బెత్ స్టీవెన్స్ బృందం దానికి ఒక కారణం చూపించింది. మెదడులో చెత్త ఎత్తివేసే మైక్రోగ్లియా అనే కణాలు ఉంటాయి. ఊళ్లో పారిశుధ్య కార్మికులవంటివి. అమైలాయిడ్ పెరిగినప్పుడు కొన్ని సంధుల మీద పొరపాటున "ఇది చెత్త" అనే గుర్తు పడుతుంది. ఈ కణాలు మంచి సంధులను కూడా తినేస్తాయి. ఆ గుర్తు పడకుండా ఆపితే చిట్టెలుకల సంధులు నిలిచాయి. టీఆర్ఈఎం2 అనే మరో జన్యువులో మార్పు ఉంటే అల్జీమర్స్ ప్రమాదం పెరుగుతుందని 2013లోనే తెలిసింది. అదీ ఈ మైక్రోగ్లియా కణాలను నడిపించే జన్యువే. జన్యువుకూ సంధికీ మధ్య లంకె ఇలా ఒక్కొక్కటిగా బయటపడుతున్నది.

మనవారి పరిశోధన

ఈ రంగంలో మనకు దగ్గరివారి పని కూడా ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన విజయలక్ష్మి రవీంద్రనాథ్ గారు గుర్‌గావ్ దగ్గర మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి తొలి డైరెక్టరుగా పనిచేశారు. తర్వాత బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు వచ్చి, అక్కడ సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్‌ను నిలబెట్టారు. 2018లో రెడ్డి పీరా కొమ్మద్ది గారు, ఆమె, మరికొందరు కలిసి అల్జీమర్స్ చిట్టెలుకల నాడీ సంధుల గురించి ఒక ముఖ్యమైన విషయం ప్రచురించారు.

కబురు అందుకునే వైపు నాడీకణం మీద చిన్న చిన్న బొడిపెలు ఉంటాయి. ఆ బొడిపెను నిలబెట్టేది యాక్టిన్ అనే ప్రొటీను దారాలు. పందిరికి గుంజలవంటివి. జన్యుమార్పు ఉన్న చిట్టెలుకల్లో నెల వయసుకే ఈ దారాలు ముక్కలు కావడం మొదలైంది. రెండు నెలలకు మతిమరుపు కనిపించింది. వాటి మెదడులో అమైలాయిడ్ మచ్చలు కనిపించేది ఇంకా కొన్ని నెలల తర్వాతే. యాక్టిన్ దారాలను మళ్లీ కూర్చే ఒక రసాయనం ఇచ్చినప్పుడు వాటి జ్ఞాపకం తిరిగి వచ్చింది. ఆ రసాయనం మనుషులకు ఇవ్వదగినది కాదు. కాని తొలిదశలో సంధి పాడవడం తిరిగి బాగుచేయరాని నష్టం కాదని అది చూపించింది. అల్జీమర్స్‌తో చనిపోయిన మనుషుల మెదడులో కూడా ఈ దారాలు తగ్గి ఉన్నట్టు వారు గమనించారు.

అమెరికాలో పి. హేమచంద్ర రెడ్డి గారి బృందం మరో వైపు నుంచి చూసింది. ప్రతి కణంలో శక్తిని తయారు చేసే మైటోకాండ్రియా ఉంటాయి. నాడీ సంధికి శక్తి అవసరం చాలా ఎక్కువ. అల్జీమర్స్ చిట్టెలుకల్లో అమైలాయిడ్ ఈ మైటోకాండ్రియా లోపలికే చేరి వాటి పనిని చెడగొడుతున్నదని 2006లో వారు ప్రచురించారు. కరెంటు సరిగా లేని స్టేషన్లో సిగ్నళ్లు ఎలా పనిచేస్తాయి? శక్తి అందని సంధి కూడా అంతే.

అశ్వగంధ సంగతి

2012లో రవీంద్రనాథ్ గారి బృందమే మరో ఫలితం ప్రచురించింది. పెన్నేరుగడ్డ, అంటే అశ్వగంధ వేరు నుంచి తీసిన సారాన్ని 30 రోజులు నోటి ద్వారా ఇస్తే, జబ్బు ఉన్న చిట్టెలుకల జ్ఞాపకం మెరుగుపడి మచ్చలు తగ్గాయి. ఆ సారం కాలేయంలో ఎల్ఆర్పీ అనే ప్రొటీనును పెంచి, మెదడులోని అమైలాయిడ్‌ను రక్తంలోకి లాగివేసిందని వారు వివరించారు.

ఇది చదివి బజారుకు పోయి అశ్వగంధ చూర్ణం కొని అమ్మకు పట్టకండి. చిట్టెలుకకు నయమైనది మనిషికి నయమవుతుందని నమ్మకం లేదు. చిట్టెలుకల్లో బాగా పనిచేసిన మందులు ఎన్నో మనుషుల్లో పనిచేయలేదు. చిట్టెలుకకు మనం పెట్టింది కుటుంబాల్లో వచ్చే అరుదైన జన్యుమార్పు. మన పెద్దవారికి వచ్చేది వయసు, రక్తపోటు, షుగరు, చిన్న చిన్న పక్షవాతాలు అన్నీ కలిసిన జబ్బు. పైగా అశ్వగంధ వల్ల కొందరికి కాలేయం దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి. థైరాయిడ్ మందులు వాడేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. వైద్యునికి చెప్పకుండా ఏ వేరూ ఏ పొడీ వాడవద్దు. చిట్టెలుక మనకు దారి చూపిస్తుంది. ఆ దారి మనుషులకు పనికి వస్తుందో లేదో మనుషుల్లోనే పరీక్షించి తేల్చాలి.

ఒకే జన్యువు, వేరు ఫలితం

జన్యువు తీర్పు కాదనడానికి మూడు సాక్ష్యాలు చెబుతాము.

మొదటిది కొలంబియా దేశానిది. అక్కడ ఒక పెద్ద వంశంలో ప్రెసెనిలిన్ 1 మార్పు వల్ల నలభై ఏళ్లు దాటేసరికి మతిమరుపు మొదలవుతుంది. అదే మార్పు ఉన్న ఒక స్త్రీకి డెబ్బై ఏళ్లు దాటేవరకు జ్ఞాపకం బాగానే ఉంది. ఆమె మెదడునిండా అమైలాయిడ్ ఉంది. అయినా ఏపీఓఈ జన్యువులో ఉన్న మరో అరుదైన మార్పు ఆమెను కాపాడిందని 2019లో వెల్లడించారు. తర్వాత ఆ మార్పునే చిట్టెలుకల్లో ప్రవేశపెడితే టౌ వ్యాపించడం తగ్గింది. ఒక జన్యువు చేసే కీడుకు మరో జన్యువు అడ్డు నిలవగలదు.

రెండవది అమెరికాలోని కాథలిక్ సిస్టర్లది. 1986లో డేవిడ్ స్నోడన్ ప్రారంభించిన పరిశోధనలో 678 మంది సిస్టర్లు పాల్గొన్నారు. ఏటేటా పరీక్షలకు కూర్చోవడమే కాక, చనిపోయిన తర్వాత తమ మెదడును పరిశోధనకు ఇచ్చారు. కొందరి మెదడులో మచ్చలు, ముడులు నిండా ఉన్నా, బతికి ఉన్నన్నాళ్లూ వారి జ్ఞాపకం చెక్కుచెదరలేదు. జబ్బు గుర్తులు ఉండడం వేరు, మతి పోవడం వేరని వారి త్యాగం చూపించింది.

మూడవది మన హైదరాబాదుదే. నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి గారు, వారి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. ఒకే భాష మాట్లాడేవారికన్నా రెండు, అంతకుమించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడే మన వరంగల్ పెద్దలు ఇది విని సంతోషించవచ్చు. మెదడుకు పని చెబుతూ ఉంటే, కొన్ని వంతెనలు విరిగినా కబురు వేరే దారి వెతుక్కుంటుందని దీనికి వివరణ.

సంధులను కాపాడుకొనే మార్గాలు

చిట్టెలుకల్లో కూడా ఇటువంటిదే కనిపించింది. మామూలు పెట్టెలో ఉంచినవాటికన్నా, తోటి చిట్టెలుకలతో, తిరిగే చక్రాలతో, ఆటవస్తువులతో పెంచినవాటి మెదడులో అమైలాయిడ్ తక్కువగా ఉందని 2005లో చికాగో పరిశోధకులు చూపించారు. నిద్ర లేకుండా చేసిన చిట్టెలుకల్లో అమైలాయిడ్ పెరిగిందని 2009లో తెలిసింది. మనుషుల సంగతికి వస్తే, 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం, ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో 45 శాతం వరకు మన చేతిలో ఉన్న 14 కారణాలను సరిదిద్దడం ద్వారా నివారించవచ్చు లేదా ఆలస్యం చేయవచ్చని చెప్పింది. మీ అమ్మ ఇచ్చిన జన్యువును మార్చలేరు. కింద చెప్పినవి మార్చగలరు.

1. నలభై దాటినవారు రక్తపోటు, షుగరు, కొలెస్టరాల్ పరీక్ష చేయించుకోవాలి. మందు మొదలుపెడితే మధ్యలో మానవద్దు.

2. పొగాకు, బీడీ, గుట్కా, సారా మానాలి.

3. రోజూ అరగంట చెమట పట్టేలా నడవాలి.

4. చెవుడు వస్తే వయసులే అని ఊరుకోవద్దు. వినికిడి యంత్రం పెట్టించుకోవాలి. కంటి శుక్లం ఆపరేషన్ వాయిదా వేయవద్దు. కబురే లోపలికి రాకపోతే సంధికి పని ఉండదు.

5. స్కూటరు మీద హెల్మెట్ తప్పనిసరి. తలకు దెబ్బ కూడా ఒక కారణమే.

6. ఆడపిల్లల చదువు మాన్పించవద్దు. చిన్నప్పటి చదువు ముసలితనంలో మెదడుకు అండ.

7. దిగులుకు వైద్యం ఉంది. దాచుకోవద్దు.

8. పెద్దవారిని ఒంటరిగా వదలవద్దు. ఒంటరితనం ఆ 14 కారణాల్లో ఒకటి. సిగ్గుపడి వెనుక గదిలో ఉంచడం వల్ల జబ్బుకు మనమే తోడ్పడినవారమవుతాము.

ఫిన్లాండులో 1,260 మంది పెద్దవారి మీద రెండేళ్లు జరిగిన పరిశీలనలో సరైన ఆహారం, వ్యాయామం, మెదడుకు పని, రక్తపోటు అదుపు నాలుగూ కలిపి పాటించినవారి జ్ఞాపకశక్తి, చురుకుదనం మిగతావారికన్నా మెరుగ్గా ఉన్నాయని 2015లో వెల్లడైంది.

తరచు అడిగే ప్రశ్నలు

జన్యు పరీక్ష చేయించుకోవాలా?
సాధారణంగా అవసరం లేదు. ఏపీఓఈ పరీక్షలో 4వ రకం వచ్చినా జబ్బు వస్తుందని కాదు, రాకపోతే రాదనీ కాదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి అరవై ఏళ్లలోపే వచ్చి ఉంటే మాత్రం జన్యు సలహా ఇచ్చే నిపుణులతో మాట్లాడిన తర్వాతే నిర్ణయం తీసుకోండి.

అత్తగారికి ఉంది. మా అమ్మాయి పెళ్లికి ఇది అడ్డమా?
కాదు. డెబ్బై, ఎనభై ఏళ్లలో వచ్చిన అల్జీమర్స్ మనవరాలి పెళ్లికి ఏ విధంగానూ అడ్డం కాదు. షుగరు, రక్తపోటు ఉన్న ఇళ్లలో సంబంధాలు కలుపుకోవడం లేదా?

మందులు ఉన్నాయా?
పూర్తిగా నయం చేసే మందు లేదు. డోనెపెజిల్, రివాస్టిగ్మిన్ వంటివి నాడీ సంధిలో కబురు మోసే రసాయనం త్వరగా విరిగిపోకుండా చూస్తాయి. కొంతకాలం కొంత మేలు చేస్తాయి. అమైలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్ అనే ఇంజెక్షనుకు 2023లో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చింది. తొలిదశ రోగులలో 18 నెలల కాలంలో జబ్బు ముదరడాన్ని సుమారు 27 శాతం నెమ్మది చేసింది. మెదడు వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది. అది ఏపీఓఈ 4వ రకం రెండు ప్రతులూ ఉన్నవారిలో ఎక్కువ. కాబట్టి ఆ మందు ఇచ్చేముందు జన్యు పరీక్షకు అర్థం ఉంది.

మతిమరుపు అంటే అల్జీమర్సేనా?
కాదు. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ తగ్గడం, దిగులు, కింద పడిన తర్వాత తలలో రక్తం చేరడం, కొన్ని నిద్రమాత్రలు కూడా మతిమరుపు తెస్తాయి. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. అందుకే "ముసలితనం, ఇంతేలే" అని ఇంట్లో కూర్చోబెట్టకుండా ఒక్కసారి పరీక్ష చేయించండి.

చివరగా

తలుపు దగ్గర ఆగి అడిగిన ఆ కూతురికి మేము చెప్పే జవాబు ఇదే. "అమ్మా, మీ అమ్మగారి జబ్బు నీకు రాసిపెట్టిన తీర్పు కాదు. రేపు నీ రక్తపోటు చూపించుకో, రోజూ నడువు, కంటినిండా నిద్రపో. ఇప్పుడు మాత్రం బయట బెంచీమీద ఒంటరిగా కూర్చున్న మీ అమ్మ దగ్గరికి పో. ఆమె నీ పేరు మరచిపోయినా కోప్పడకు. నీ పేరు నువ్వే చెప్పి చేయి పట్టుకో."

వచ్చే ఆదివారం ఆమెను వెంటబెట్టుకొని రండి. పక్కన కూర్చున్నవారు అడిగిన మాటే మళ్లీ అడిగితే మొదటిసారి అడిగినట్టే జవాబు చెబుదాం. పెద్దవారి సంరక్షణలో సలహా కావలసినవారు ఎల్డర్‌లైన్ ఉచిత నంబరు 14567కు ఫోన్ చేయవచ్చు.